మనీలా తాడుకి నాలుగు స్టార్లు, నేర్పిన పోలీసాయనకి అయిదు

సంక్రాంతి ఆటల కోసం బెంగళూరు మారతహళ్ళి దగ్గర మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళం చందాలు వేసుకుని తాడులాగుడుకి ఒక తాడు కొన్నాం, అది లాగడం నేర్పడానికి ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్‌ని మాట్లాడుకున్నాం. రెండింటికీ కలిపి ఈ రివ్యూ. తీర్పు ముందే చెప్పేస్తాను. తాడు మంచిదే, కానీ చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే తాడు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని ఆ డబ్బు నేర్పే మనిషికి ఇవ్వండి. ఎందుకో చెప్పాలంటే 1908 నాటి లండన్ పోలీసుల దాకా వెళ్ళాలి, వెళ్తాను కూడా, ఓపికున్నవాళ్ళు రండి.

ముందు ఆన్‌లైన్‌లో వెతికాం. ‘టగ్ ఆఫ్ వార్ రోప్’ అని కొడితే వచ్చేవాటిలో సగం పిల్లల పుట్టినరోజులకి పనికొచ్చే కాటన్ తాళ్ళు, మధ్యలో ఎర్ర రిబ్బన్ కట్టి ఫొటోలో భలే ఉంటాయి, కొలత చూస్తే పదో పదిహేనో మీటర్లు. దాని మీద అటు ఎనిమిది మంది, ఇటు ఎనిమిది మంది పెద్దవాళ్ళు నిలబడితే ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళకి తగులుకుని లాగకముందే పడతారు. మిగిలిన సగం నైలాన్. నైలాన్ జోలికి వెళ్ళకండి, ఇది మాత్రం గట్టిగానే చెప్తున్నాను. నైలాన్ సాగుతుంది, సాగి తెగిందంటే ఆ బలమంతా వెనక్కి కొడుతుంది. 1997లో తైపేలో వేయికి పైగా జనం కలిసి లాగుతుంటే నైలాన్ తాడు తెగి ఇద్దరికి చేతులు ఊడిపోయాయి, డాక్టర్లు తర్వాత అతికించారు. మనం అంత మందిమి లాగం, నిజమే, కానీ పట్టు జారకుండా చేతికి తాడు రెండు చుట్లు చుట్టుకునే అలవాటు మనవాళ్ళలో చాలా మందికి ఉంది. ఆ పని ఏ తాడుతోనూ చేయకూడదు.

అంతర్జాతీయ పోటీల్లో తాడుకి కొలత ఉంది. చుట్టుకొలత 10 నుంచి 12.5 సెంటీమీటర్లు, అంటే అంగడిలో 32 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్ల మందం అని అడగాలి. పొడవు కనీసం 33.5 మీటర్లు. మధ్యలో ఎర్ర గుర్తు, దానికి అటూ ఇటూ 4 మీటర్ల దూరంలో తెల్ల గుర్తులు. తాడులో ఎక్కడా ముడి ఉండకూడదు. ఈ కాగితం పట్టుకుని సిటీ మార్కెట్ దగ్గర తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే ఒక అంగడికి వెళ్ళాం. ‘తాడులాగుడికా?’ అని ఆయన నవ్వి, స్పోర్ట్స్ షాపు పేరు పడితే ఇదే తాడుకి రేటు మారిపోతుందని తనే చెప్పాడు. అక్కడ తూకం లెక్క. 36 మిల్లీమీటర్ల మనీలా తాడు (అబాకా అనే మొక్క నారతో పేనేది), 35 మీటర్లు, దాదాపు 30 కిలోలు తూగింది. ఆటో వెనక సీటు మొత్తం అదే ఆక్రమించింది, నేను ముందు డ్రైవర్ పక్కన సర్దుకుని వచ్చాను, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఆ ప్రయాణం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

తాడు సంగతి. పట్టు బ్రహ్మాండం. మనీలాకి సాగే గుణం తక్కువ, అందుకని అవతలివాళ్ళు కొంచెం వదులు చేసినా వెంటనే చేతికి తెలిసిపోతుంది. మందం కూడా సరిగ్గా పిడికిట్లోకి వస్తుంది. బాధ ఏంటంటే కొత్తలో నార గుచ్చుకుంటుంది, అరచేతుల్లో సన్న ముళ్ళు దిగినట్టే ఉంటుంది, టీషర్టుకి పీచు అంటుకుని ఎంత ఉతికినా పోదు, వాసన కూడా ఒక రకంగా ఉంటుంది, మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుంది, తడి మీదే చుట్టి పెడితే లోపల కుళ్ళుతుంది. కొసలు విడిపోకుండా సన్న తాడుతో గట్టిగా చుట్టి కట్టాలి, అంగడివాళ్ళు అది చేసివ్వరు, మనమే చేసుకోవాలి. ఒక స్టారు తగ్గించింది దీనికే, అంత డబ్బు తీసుకుని కొసలు అలా వదిలేస్తే ఎలా.

ఇక మనిషి. మా సెక్యూరిటీ సూపర్‌వైజర్ ద్వారా దొరికాడు, ఆంధ్ర సరిహద్దు దగ్గర ముళబాగిలు వైపు ఆయన, చిన్నప్పటి నుంచీ ఇంట్లో తెలుగే. సర్వీసులో ఉండగా పోలీసు క్రీడల్లో వాళ్ళ జిల్లా జట్టుకి వెనక చివరన నిలబడి లాగినవాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. పొద్దున్న ఆరింటికి గ్రౌండ్‌లో ఉండమంటే ఆరింటికే, తర్వాత వచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి చూడమంటాడు. మేం తాడు పట్టుకుని ఊగిపోతుంటే కాసేపు చూసి, ‘ఏం సార్, చేతుల్తో లాగతా ఉండారు? చేతులు పట్టుకునేదానికే. లాగేది కాళ్ళు’ అన్నాడు. మొదటి రోజంతా తాడే ముట్టనివ్వలేదు. మడమ నేలలోకి దించడం, మోకాలు కొద్దిగా వంచడం, నడుము నిటారుగా ఉంచి వెనక్కి వాలడం, అంతే. మాలో సగం మందికి సాఫ్ట్‌వేర్ నడుములు, అదే చాలు అనిపించింది.

చివరి మనిషిని యాంకర్ అంటారు. తాడు ఒక చంక కిందనుంచి వచ్చి, వీపు మీదుగా ఏటవాలుగా వెళ్ళి, రెండో భుజం మీదనుంచి ముందుకి పడాలి, నడుముకి కట్టుకోవడం కాదు. చిన్నప్పుడు ఊళ్ళో అందరం కట్టుకున్నవాళ్ళమే. కింద కూర్చుండిపోవడం కూడా ఫౌల్. ఇవన్నీ ఆయన నోటితో చెప్పే రకం కాదు, మన భుజం పట్టుకుని సరిచేస్తాడు, రెండోసారి కూడా తప్పు చేస్తే అందరి ముందూ కడిగేస్తాడు. సున్నిత మనస్కులు ఆలోచించుకోండి.

ఆయనకి చెబ్దామని నేను కొంచెం చదివాను, అక్కడే ఈ లండన్ కథ తగిలింది. తాడులాగుడు 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో ఉండేది. 1908లో లండన్ ఒలింపిక్స్‌కి ఒక దేశం నుంచి ఒకటికి మించి క్లబ్బులు దిగొచ్చు, బ్రిటన్ మూడు దింపింది, మూడూ పోలీసు జట్లే. సిటీ ఆఫ్ లండన్ పోలీసుకి బంగారం, లివర్‌పూల్ పోలీసుకి వెండి, మెట్రోపాలిటన్ పోలీసు కె డివిజన్‌కి కంచు. సిటీ ఆఫ్ లండన్ పోలీసంటే లండన్ మొత్తానికీ పోలీసులు కారు, బ్యాంకులు, ఆఫీసులు ఉండే ఒక చదరపు మైలు పాత నగరానికి మాత్రమే. మన దగ్గర చిక్‌పేట, అవెన్యూ రోడ్డు చూసుకునే స్టేషన్లవాళ్ళు వెళ్ళి ఒలింపిక్ బంగారం కొట్టుకొచ్చినట్టు లెక్క.

దీనికంటే నాకు నచ్చింది అమెరికా జట్టు సంగతి. ఆ జట్టులో జాన్ ఫ్లానగన్ ఉన్నాడు, 1900, 1904, 1908 మూడు ఒలింపిక్స్‌లోనూ హ్యామర్ త్రో బంగారం ఆయనదే. 1912లో హ్యామర్ బంగారం కొట్టబోయే మ్యాట్ మెక్‌గ్రాత్ ఉన్నాడు. షాట్‌పుట్ చాంపియన్ రాల్ఫ్ రోజ్ ఉన్నాడు. ఫ్లానగన్, మెక్‌గ్రాత్ ఇద్దరూ న్యూయార్క్ పోలీసులే మళ్ళీ. ఒక్కొక్కడు ఒక్కో కొండ. అలాంటివాళ్ళని లివర్‌పూల్ పోలీసులు మొదటి లాగులోనే క్షణాల్లో ఈడ్చి పారేశారు. అమెరికావాళ్ళు బూట్ల మీద గొడవ పెట్టారు, ఇంత బరువు బూట్లు, అంచులకి ఇనుము, ఇది అన్యాయం అని. లివర్‌పూల్‌వాళ్ళేమో రోజూ డ్యూటీకి వేసుకునే బూట్లే ఇవి అన్నారు. నిర్వాహకులు అభ్యంతరం కొట్టేశారు, అమెరికా రెండో లాగుకి దిగకుండా వెళ్ళిపోయింది.

ఇది చెప్తే మా హెడ్ కానిస్టేబుల్‌గారు పెద్దగా ఆశ్చర్యపోలేదు. ‘బూట్లు కొంచెం సాయం చేసుంటాయి సార్. ఎనిమిది మంది పైల్వాన్లు ఎనిమిది సార్లు లాగితే ఏమొచ్చె? ఎనిమిది మందీ ఒక్కసారి లాగల్ల’ అన్నాడు. నేను చదివిన వ్యాసాలన్నిటికంటే ఇదే సరిగ్గా ఉంది.

సిటీ పోలీసుల కథ 1908తో ఆగలేదు. 1912లో స్టాక్‌హోమ్‌లో ఈ పోటీకి దిగింది రెండే జట్లు, అక్కడ స్వీడన్ పోలీసుల చేతిలో 2-0తో ఓడి వెండితో సరిపెట్టుకున్నారు. తర్వాత యుద్ధం, 1916 ఒలింపిక్స్ జరగలేదు. 1920లో ఆంట్‌వెర్ప్‌లో మళ్ళీ వచ్చి మళ్ళీ బంగారం కొట్టారు. ఎడ్విన్ మిల్స్, జేమ్స్ షెపర్డ్, ఫ్రెడరిక్ హంఫ్రీస్ అనే ముగ్గురు ఆ మూడు ఒలింపిక్స్‌లోనూ లాగారు, ఒక్కొక్కళ్ళకి రెండు బంగారాలు, ఒక వెండి. పన్నెండేళ్ళు, మధ్యలో ఒక ప్రపంచ యుద్ధం, అదే తాడు, అదే పక్కవాళ్ళు. ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఈ ఆటనే తీసేశారు.

ఇప్పుడు పోలీసు, ఒలింపిక్స్ అంటే లెక్క వేరే. చాలాసార్లు ఆట ముందు, యూనిఫాం తర్వాత. టోక్యోలో వెండి తెచ్చాక మీరాబాయి చానుకి మణిపూర్ పోలీసులో పోస్టు, కంచు తెచ్చాక లవ్లీనాకి అస్సాం పోలీసులో డీఎస్పీ, మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయ్యి పారిస్ ఒలింపిక్స్ ఆడొచ్చాక 2024లో తెలంగాణలో డీఎస్పీ. ఇవ్వాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు, టోక్యోలో 100 మీటర్లు గెలిచిన ఇటలీ కుర్రాడు జేకబ్స్ కూడా అక్కడి పోలీసు స్పోర్ట్స్ జట్టు మనిషే. కానీ మా హెడ్ కానిస్టేబుల్ లాంటివాళ్ళ మనసుకి తగిలేది కానిస్టేబుళ్ళ కథలు. తమిళనాడు పోలీసు కానిస్టేబుల్ నాగనాథన్ పాండి టోక్యోకి వెళ్ళిన 4x400 రిలే బృందంలో ఉన్నాడని చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. ఇంకా వెనక్కి వెళ్తే హాకీ బల్బీర్ సింగ్ సీనియర్, పంజాబ్ పోలీసులో ఉంటూనే 1948, 1952, 1956 మూడు బంగారాలు, 1952 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద 6-1లో అయిదు గోల్స్ ఒక్కడివే. ‘మాకూ అట్లా గ్రౌండ్ డ్యూటీ ఇచ్చుంటే’ అన్నాడు మా హెడ్ కానిస్టేబుల్, తర్వాత ఆ మాట పొడిగించలేదు, బందోబస్తు, నైట్ బీటు మధ్యలో ప్రాక్టీస్ ఎలా ఉండేదో నేనూ అడగలేదు.

పోటీ రోజు సంగతి క్లుప్తంగా. డి బ్లాక్ జట్టు జిమ్ కుర్రాళ్ళు, ప్రాక్టీస్‌కి ఒక్కరూ రాలేదు, ‘అంకుల్స్‌తో ఏముంది’ అన్నారు. ఏ బ్లాక్ అంకుల్స్ రెండు లాగుల్లో ముగించేశారు, పెద్ద టెన్షన్ కూడా పడలేదు. ఆడవాళ్ళ జట్లలో ఇంకా బాగా కనిపించింది, వాళ్ళు మొదటి రోజు నుంచే ఆయన చెప్పిన మాటకి కదిలారు, మగవాళ్ళలో ప్రతివాడికీ ఒక సొంత టెక్నిక్. చెడిందల్లా ఈవెంట్ నడపడానికి పిలిచిన సంస్థ దగ్గర, పేరెందుకు గానీ, వాళ్ళ వ్యాఖ్యాత మైకులో ‘త్రీ, టూ, వన్’ అని అరిచి విజిల్ ఊదేశాడు. అసలు పద్ధతి ప్రకారం ముందు తాడు ఎత్తమనాలి, తర్వాత బిగించమనాలి, ఎర్ర గుర్తు మధ్యలో నిలిచేదాకా ‘స్టెడీ’ అని ఆపి, అప్పుడు ‘పుల్’ అనాలి. నిలవకుండా మొదలుపెడితే తాడు ఒక్కసారి జర్రున జారి అరచేతులు కాలుతాయి. ఇద్దరికి కాలాయి. హెడ్ కానిస్టేబుల్‌గారు మైకు లాక్కున్నంత పని చేశారు, ఆ తర్వాత అన్నీ సవ్యంగా సాగాయి.

కొనేవాళ్ళకి ఇంకొన్ని మాటలు. తలల లెక్కన కాకుండా బరువు లెక్కన జట్లు కట్టండి, అసలు పోటీలు అలాగే జరుగుతాయి, ఎనిమిది మందీ కలిపి 640 కిలోలు, 680 కిలోలు అని. మా దగ్గర తూకం మెషిన్ చూడగానే కొందరికి ఫోన్లు వచ్చాయి, అది వేరే విషయం. లాన్ మీద పెట్టకండి, మడమలు దిగితే గడ్డి లేచిపోతుంది, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నెల రోజులు మీ పేరే ఉంటుంది. మేం పక్క స్కూలు ఎర్రమట్టి గ్రౌండ్ అడిగాం. బూట్ల మడమ ఎత్తుగా, గట్టిగా ఉండాలి, రన్నింగ్ షూస్ జారతాయి, మేకుల బూట్లు వద్దు. గ్లవ్స్ ఆయన వేసుకోనివ్వలేదు, పోటీల్లో కూడా ఒప్పుకోరు.

ఆయన ఫీజు అడిగితే చెప్పడు, ఇచ్చింది తీసుకుంటాడు, కాబట్టి ఆ మొహమాటాన్ని వాడుకోకుండా ఒక జిమ్ ట్రైనర్‌కి ఇచ్చేంత ఇవ్వండి. నంబరు కావాలంటే ఆయన్నే అడిగి ఇస్తాను. తాడు క్లబ్‌హౌస్ స్టోర్‌లో పొడిగా వేలాడుతోంది, చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్ళు ఉగాదికో రాజ్యోత్సవానికో కావాలంటే డిపాజిట్ కట్టి తీసుకెళ్ళొచ్చు, తడపకుండా తెచ్చిస్తే డిపాజిట్ వాపసు. కారు ఆగిపోయిందని కట్టి లాక్కెళ్ళడానికి మాత్రం ఇవ్వం, బి బ్లాక్‌లో ఒకాయన ఇప్పటికే అడిగాడు.