రాండ్ క్రేట్ నాలుగేళ్లు వాడాక: ఒక్క ర్యాండమ్ స్ట్రింగ్ కోసం ఎన్ని తిట్లు తిన్నానో

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ర్యాండమ్ విలువలు ఇచ్చే రాండ్ క్రేట్‌ని (అంటే లైబ్రరీని) వెర్షన్ 0.7 ఉన్న రోజుల నుంచి వాడుతున్నా, ఎక్కువగా కూపన్ కోడ్‌లకి, టెంపరరీ పాస్‌వర్డ్‌లకి. పైథాన్‌లో ఒక్క లైన్ పని కదా అని మొదలెడితే కంపైలర్ వాయించేసింది.

మొదటిది ఈ0596 అనే ఎర్రర్. లెట్ ఆర్‌ఎన్‌జీ అని ర్యాండమ్ నంబర్ల జనరేటర్‌కి పేరు పెట్టి నంబర్ అడిగితే మ్యూటబుల్‌గా (మార్చే వీలుతో) బారో చేయడం కుదరదంటుంది. నంబర్ అడిగానంతే, నేనేం మార్చానురా బాబూ అనుకున్నా. కానీ నంబర్ ఇచ్చిన ప్రతిసారీ జనరేటర్ లోపలి స్టేట్ మారిపోతుంది, అందుకే మ్యూట్ పెట్టాలి. సరే పెట్టా, తర్వాత దాన్నే ఫంక్షన్‌లోకి ఉత్త రిఫరెన్స్‌గా తీసుకుని మళ్లీ అదే ఎర్రర్ తిన్నా, అక్కడా యాంపర్‌సాండ్ పక్కన మ్యూట్ ఉండాల్సిందే.

అసలు తలనొప్పి 0.8కి మారినప్పుడు. అంతకుముందు అక్షరాలూ అంకెలూ ఏరి ఇచ్చే ఆల్ఫాన్యూమరిక్ చార్ (అక్షరం) ఇచ్చేది, 0.8 నుంచి యూ8 (ఒక బైట్ సంఖ్య) ఇస్తోంది, దాంతో నిన్నటిదాకా నడిచిన కోడ్, అన్నిటినీ ఒకచోట చేర్చే కలెక్ట్ దగ్గర ఆగిపోయి, యూ8లతో స్ట్రింగ్ కట్టలేనని మొండికేసింది. మధ్యలో మ్యాప్ పెట్టి చార్ ఫ్రమ్ ఇస్తే పోయింది, కానీ ఆ ముక్క తెలిసేసరికి సాయంత్రమంతా అయిపోయింది. ఒక పరిధిలో నంబర్ ఇచ్చే జెన్ రేంజ్ కూడా అప్పుడే రెండు ఆర్గ్యుమెంట్లు మానేసి చుక్కల రేంజ్ అడగడం మొదలెట్టింది. 0.9లో పేర్లు మారాయి, ర్యాండమ్ విలువ ఇచ్చే జెన్ మెథడ్ కాస్తా ర్యాండమ్ అయింది, రస్ట్ 2024 ఎడిషన్‌లో జెన్‌ని కీవర్డ్‌గా రిజర్వ్ చేశారు మరి. పాత పేరుకి వార్నింగ్ ఇచ్చి వదిలేశారు కాబట్టి అది పెద్దగా బాధ అనిపించలేదు.

ఒకసారి సరదాకి తెలుగు అక్షరాలతో కోడ్‌లు చేద్దామని చూశా. బైట్ స్ట్రింగ్‌లో ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లాంటివి) తప్ప ఇంకేం రాయనివ్వదు, యూటీఎఫ్-8లో మన 'క' ఒక్కటే 3 బైట్లు, అందుకని చార్‌ల వెక్టర్ చేసుకుని అందులోంచి తీశా. కంపైల్ అయింది, మొదటి కోడే కొమ్ముతో మొదలై చుక్కల సున్నా మీద వేలాడుతూ వచ్చింది, గుణింతం గుర్తులు కూడా లిస్ట్‌లో పడేశాను కదా!

అసింక్ కోడ్‌లో (పని మధ్యలో ఆగి మళ్లీ కొనసాగేది) ఇంకో మెలిక ఉంది, ఒక్కో థ్రెడ్‌కి ఉండే జనరేటర్ అయిన థ్రెడ్ ఆర్‌ఎన్‌జీని అవెయిట్ (ఆగి ఎదురుచూసే చోటు) దాటించి ఉంచుకుంటే ఫ్యూచర్‌ని, అంటే ఇంకా పూర్తికాని ఆ పనిని, వేరే థ్రెడ్‌కి పంపడం కుదరదంటుంది, స్ట్రింగ్‌ని ముందే చిన్న బ్లాక్‌లో తయారుచేసి పెట్టుకుంటే సరిపోతుంది.

5కి 4 ఇస్తా. ఇప్పుడు శాంపిల్ స్ట్రింగ్ మెథడ్‌కి పొడవుగా 16 ఇస్తే పని అయిపోతోంది, మ్యాప్ కలెక్ట్ గొడవే లేదు. ఆ మెథడ్ ఉండే ట్రెయిట్ (మెథడ్‌ల గుంపు) ఇంపోర్ట్ చేయకపోతే అలాంటి మెథడే లేదంటుంది, అది మాత్రం ఇప్పటికీ మర్చిపోతూనే ఉన్నా.