ఏఐ చాట్ ఏపీఐ: రెండు పంటలు వాడాక తేలింది

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతులకు మేత షాపు తరఫున వాట్సాప్‌లో జవాబులిచ్చే చాట్ ఇది, ఏఐ చాట్ ఏపీఐ (మన ప్రోగ్రామ్ నుంచి ఏఐ మోడల్‌కి మెసేజ్‌లు పంపి జవాబు తెచ్చుకునే దారి) మీద నడుస్తుంది. మెసేజ్‌లకి మూడు రోల్స్ ఉంటాయి: సిస్టమ్ అంటే మోడల్‌కి మనమిచ్చే సూచనలు, యూజర్ అంటే రైతు మాట, అసిస్టెంట్ అంటే మోడల్ మాట. వాటి గురించి ఇంతకంటే చెప్పను. నా కోపమంతా పాత మెసేజ్‌లు కోసే దగ్గరే.

ఏపీఐ తనంతట తాను ఏదీ గుర్తుపెట్టుకోదు, ప్రతిసారీ సంభాషణంతా మనమే పంపాలి. తెలుగుకి టోకెన్లు (మోడల్ వచనాన్ని విడగొట్టే ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) ఇంగ్లిష్ కంటే ఎక్కువ పడతాయి. అందుకే చివరి 20 మెసేజ్‌లే ఉంచేలా రాశాం. చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వేసిన కొత్తలో ఎవరి చాటూ 20 దాటలేదు, అంతా సాఫీగా నడిచింది. రొయ్యల పట్టుబడులు దగ్గరపడి రోజూ ధరలు అడగడం మొదలయ్యాకే కొందరికి జవాబు ఆగిపోయింది. లాగ్‌లో చూస్తే 400 ఎర్రర్, అంటే మనం పంపినదే తప్పుగా ఉందని ఏపీఐ తిప్పికొట్టడం.

"ఇవాళ 100 కౌంట్ (కిలోకి 100 రొయ్యలు తూగే సైజు) ఎంతండీ?" అంటే మోడల్ ముందు ధర తెచ్చే టూల్‌ని, అంటే మనం రాసిపెట్టిన ఫంక్షన్‌ని, పిలుస్తుంది. ఆ పిలుపు ఒక మెసేజ్, అదే ఐడీతో వచ్చే ఫలితం ఇంకో మెసేజ్. కోత సరిగ్గా ఆ రెండింటి మధ్య పడితే పిలుపు పోయి ఫలితం మిగులుతుంది. జత లేని ఫలితాన్ని ఏపీఐ తీసుకోదు. అదే లిస్టు ఎన్నిసార్లు పంపినా అదే ఎర్రర్. రైతు ఇంకో మెసేజ్ పెడితే కోత ఒక మెట్టు జరిగి దానంతటదే బాగైపోతుంది. పట్టుకోవడం కష్టమైంది అందుకే. ధర కోసం ఎదురుచూసే రైతుకి ఆ మౌనం చాలా ఖరీదు.

ఇప్పుడు యూజర్ మెసేజ్ మొదలయ్యే చోటే కోస్తున్నాం, అదీ మెసేజ్‌ల లెక్కన కాదు, టోకెన్ల లెక్కన. చెరువు విస్తీర్ణం, సీడ్ వేసిన తేదీ, చివరి కౌంట్ మాత్రం సిస్టమ్ మెసేజ్‌లో ఉంచుతున్నాం, కోతలో పోకుండా.

ఏది ఉంచాలో, ఏది తీయాలో మన చేతిలోనే ఉంటుందని మొదట్లో బాగా మెచ్చుకున్నా. ఇప్పటికీ కాదనను, కానీ ఆ బరువూ మనదే. "అన్నా", "చెరువులో", "రొయ్య తేలుతోంది" అని ముక్కలుగా వచ్చేవాటిని 6 సెకన్లు ఆగి ఒకే యూజర్ మెసేజ్‌గా కలపడం కూడా మన పనే. అలా కలిపాక జవాబులు ఎంత తేటపడ్డాయో!

టూల్స్ లేని ఉత్త ప్రశ్న–జవాబు చాట్‌కైతే ఈ ఏపీఐని నిశ్చింతగా తీసుకోవచ్చు. మాలాగా ధరలు, మేత బాకీలు టూల్‌తో తెచ్చేవాళ్లు మాత్రం 25 మెసేజ్‌ల నమూనా సంభాషణని ప్రతి చోటా కోసి, పంపి చూశాకే రైతుల నంబర్లు కలపండి.