ఒకే కాలేజీలో పాతుకుపోవడమా, మారుతూ ఎదగడమా: బాస్కెట్‌బాల్ కోచ్‌కి ఏది మేలు?

మార్చి వచ్చిందంటే నార్త్ కరోలినాలో మా కేరీ, మోరిస్‌విల్ వైపు తెలుగిళ్ళలో కూడా బ్రాకెట్ల సందడి, అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీలో ఎవరు గెలుస్తారో ముందే రాసిపెట్టుకునే సందడి, మొదలవుతుంది. దాంతో పాటే నన్ను ప్రతి ఏడూ అడిగే ప్రశ్న ఒకటి ఉంది. కాలేజీ కోచ్ అన్నవాడు డ్యూక్ యూనివర్సిటీలో కోచ్ కె (మైక్ షిషెఫ్‌స్కీ) లాగా ఒకేచోట ఉండిపోవాలా, జాన్ కాలిపారి లాగా పిలుపు వచ్చినప్పుడల్లా కదలాలా? ఈసారి అడిగిన మనిషికి అది కాలక్షేపం ప్రశ్న కాదు. మా స్నేహితుడి కొడుకు ఒక కాలేజీ టీముకి స్టూడెంట్ మేనేజర్. ప్రాక్టీసులో బంతులు అందిస్తాడు, టవల్స్ సర్దుతాడు, రాత్రి కూర్చుని ఆట వీడియో ముక్కలు చేసి కోచ్‌లకి పంపుతాడు. ఇక కోచింగే నా జీవితం అంటున్నాడు. వాళ్ళ నాన్న ఫోన్ చేసి, "అన్నా, ఇందులో కూడా మన ఐటీ లాగే మూడేళ్ళకోసారి జంప్ కొడితేనే హైకా?" అన్నాడు. ఆయనకి చెప్పినదే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

కోచ్ కె అనగానే అందరూ 5 జాతీయ టైటిళ్ళు, 13 ఫైనల్ ఫోర్లు (జాతీయ టోర్నీలో చివరి నాలుగు జట్ల దశ), 1,202 గెలుపులు అని లెక్క అప్పజెబుతారు. నేనైతే డ్యూక్‌లో ఆయన మొదటి మూడు సీజన్లు చూడమంటాను: 38 గెలుపులు, 47 ఓటములు. 1983 మార్చిలో అట్లాంటాలో జరిగిన ఏసీసీ (డ్యూక్ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగు) టోర్నీలో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తుగా ఓడిపోయారు. ఆ రాత్రి కోచింగ్ బృందం డెనీస్ హోటల్లో కూర్చుని ఉండగా ఒకాయన మంచినీళ్ళ గ్లాసు ఎత్తి, ఈ రాత్రిని మరిచిపోదాం అన్నాడట. కోచ్ కె ఒప్పుకోలేదు, దీన్ని ఎన్నటికీ మరిచిపోకూడదన్నారు. తర్వాతి సీజన్ మొదటి ప్రాక్టీసుకి ఆటగాళ్ళు వచ్చేసరికి స్కోరుబోర్డు మీద అవే అంకెలు వెలుగుతున్నాయి: 109-66.

అంతవరకూ చాలామందికి తెలిసిన కథే. అయితే అందులో నేను గుర్తుంచుకునే మనిషి డ్యూక్ అథ్లెటిక్ డైరెక్టర్ (కాలేజీ ఆటలన్నిటికీ పెద్ద, కోచ్‌లని పెట్టేదీ తీసేదీ ఆయనే) టామ్ బటర్స్. ఈ కోచ్‌ని పంపించెయ్యండి అని పూర్వ విద్యార్థుల నుంచి, విరాళాలిచ్చేవాళ్ళ నుంచి ఒత్తిడి వస్తున్నప్పుడు, 1984 జనవరిలో, ఆయన పిలిచి కాంట్రాక్టు పొడిగించారు. రెండేళ్ళు తిరిగేసరికి 1986లో డ్యూక్ ఫైనల్ ఆడింది. తొలి టైటిల్ రావడానికి 1991 దాకా పట్టింది. అంటే కోచ్ కె వచ్చి పదకొండేళ్ళు. ఇవాళ ఏ కోచ్‌కి పదకొండేళ్ళు ఇస్తున్నారు చెప్పండి?

అక్కడికి పది మైళ్ళ దూరంలో చాపెల్ హిల్‌లో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినాది కూడా ఇదే కథ. 1965లో ఒక ఓటమి తర్వాత టీము బస్సు క్యాంపస్‌కి చేరేసరికి విద్యార్థులు కోచ్ డీన్ స్మిత్ దిష్టిబొమ్మని వేలాడదీసి ఉంచారు. యూనివర్సిటీ ఆయన్ని వదులుకోలేదు. 1997 దాకా ఉండి 879 గెలుపులతో రిటైర్ అయ్యారు. 2015లో చనిపోయాక ఆయన వీలునామా ప్రకారం, తన దగ్గర ఆడిన ఆటగాళ్ళు ఒక్కొక్కరికీ 200 డాలర్ల చెక్కు వెళ్ళింది, బయట మంచి భోజనం చెయ్యమని. ముప్పై ఆరేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్న మనిషి అందరినీ అలా గుర్తుపెట్టుకున్నాడంటే నాకు ఇప్పటికీ గుండె నిండుతుంది.

ఇక రెండో దారి. జాన్ కాలిపారి మసాచుసెట్స్ యూనివర్సిటీలో మొదలుపెట్టి, ఎన్‌బీఏలో (ప్రొఫెషనల్ లీగు) న్యూజెర్సీ నెట్స్, తర్వాత మెంఫిస్, కెంటకీ, 2024 నుంచి ఆర్కన్సా. కదలడంలో లాభం లేదని నేను అనను. పేరు లేని మసాచుసెట్స్‌ని 1996లో ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళాడు. 2010 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే కార్యక్రమం) ఆయన దగ్గర ఆడిన ఐదుగురు కుర్రాళ్ళు మొదటి రౌండులోనే ఎన్‌బీఏకి వెళ్ళారు. ఎన్ని ఇళ్ళ దరిద్రం తీరిందో ఆలోచించండి. కానీ ఆ 1996 ఫైనల్ ఫోర్, 2008లో మెంఫిస్ ఆడిన ఫైనల్ రెండూ తర్వాత రికార్డుల్లోంచి కొట్టేశారు. ఆయన మీద సొంతంగా తప్పు మోపలేదు. అయినా ఆయన కట్టిన ఇంట్లో ఇప్పుడు ఆయన ఫొటో లేనట్టే.

ఇంకోటి గమనించాలి. ఆయనకి ఉన్న ఒకే ఒక టైటిల్, 2012ది, కెంటకీలో వచ్చింది. అంటే ఆయన ఎక్కడికక్కడ కదిలిన మనిషే అయినా, పదిహేనేళ్ళు నిలిచినచోటే పండింది. చివర్లో 2022లో సెయింట్ పీటర్స్ చేతిలో, 2024లో ఓక్లాండ్ చేతిలో మొదటి రౌండులోనే ఓడాక అభిమానుల సహనం అయిపోయింది. తీసెయ్యాలంటే 3 కోట్ల డాలర్ల పైగా బైఅవుట్ (కాంట్రాక్టు మధ్యలో తెంచినందుకు ఇచ్చే డబ్బు) కట్టాలి, ఉంచితే రోజూ తిట్లు. ఆయనే ఆర్కన్సాకి వెళ్ళిపోయాడు. అక్కడ తొలి ఏడాది కాన్ఫరెన్స్‌లో మొదటి ఐదు ఆటలూ ఓడి, చివరికి జాతీయ టోర్నీలో స్వీట్ సిక్స్‌టీన్ (చివరి పదహారు జట్ల దశ) దాకా లాక్కొచ్చాడు. చెయ్యి తిరిగిన కోచ్ ఎక్కడైనా పనికొస్తాడు, అందులో అనుమానం లేదు.

రిక్ పిటీనో ఇదే దారిలో ఇంకా దూరం నడిచాడు. ఆరు కాలేజీలను ఎన్‌సీఏఏ టోర్నీకి (మార్చిలో జరిగే ఆ జాతీయ టోర్నీకే) తీసుకెళ్ళాడు, 2013లో లూయీవిల్‌కి తెచ్చిన టైటిల్ మాత్రం తర్వాత రద్దయింది. ఎన్‌బీఏ దారి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బట్లర్ కాలేజీ నుంచి ఎన్‌బీఏ జట్టు సెల్టిక్స్‌కి వెళ్ళి నిలదొక్కుకున్న బ్రాడ్ స్టీవెన్స్ ఉన్నాడు, అదే సెల్టిక్స్‌లో 102 గెలిచి 146 ఓడిన పిటీనో కూడా ఉన్నాడు. గొంజాగాలో మార్క్ ఫ్యూ లాగా చిన్న కాలేజీని పట్టుకుని పెద్దది చెయ్యడం నా లెక్కలో మొదటి దారి కిందికే వస్తుంది.

2021లో ఆటగాళ్ళ నియమాలు మారాక ఇవన్నీ చెల్లవు అనేవాళ్ళున్నారు. నిజమే, ఆటగాళ్ళు ఏడాది ఆట మానుకుని కూర్చోకుండానే వేరే కాలేజీకి ట్రాన్స్‌ఫర్ అవుతున్నారు, ప్రకటనల్లో తమ పేరూ బొమ్మా వాడుకోనిచ్చి డబ్బు తీసుకుంటున్నారు. అది వాళ్ళ హక్కు, నేను కాదనను. కానీ ప్రతి వసంతంలో టీముని కొత్తగా కట్టుకోవాల్సి వస్తోంది. వర్జీనియాకి 2019లో టైటిల్ తెచ్చిన టోనీ బెనెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్ ఇంకా మొదలవకుండానే, ఈ పద్ధతిలో తాను ఇమడలేనని తప్పుకున్నాడు. ఆటగాళ్ళు నిలవని చోట కోచ్ ఎలా నిలుస్తాడన్నది న్యాయమైన ప్రశ్నే. నాకు మాత్రం ఇది ఇంకో వైపు నుంచి కనిపిస్తుంది. టీములో ఏదీ నిలవనప్పుడు, ఓడిన ఏడాది కోచ్ వెనకాల నిలబడే డైరెక్టర్ అవసరం ఇంకా పెరిగింది.

అందుకే నా ఓటు ఉండిపోవడానికే, కానీ ఒక షరతు మీద. ఉండాల్సింది కాలేజీ పేరు చూసి కాదు, అక్కడ బటర్స్ లాంటి మనిషి ఉన్నాడో లేడో చూసి. లేకపోతే రెండో ఏడాదే బయటికి దారి చూసుకోవడంలో తప్పు లేదు.

మా స్నేహితుడి కొడుక్కి ఇప్పుడు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా (పీజీ చదువుతూ కోచ్‌లకి సాయపడే పని) రెండు చోట్ల అవకాశం వచ్చింది. ఒకటి టీవీలో కనిపించే పెద్ద కాలేజీ, ఆరేళ్ళలో ముగ్గురు హెడ్ కోచ్‌లు మారారు. రెండోది చిన్నది, జిమ్‌లో ఒక పక్క బల్లలు ఇప్పటికీ చెక్కవే. కానీ అక్కడి కోచ్ వరసగా రెండు సీజన్లు ఓడినా అదే కుర్చీలో ఉన్నాడు. "అంకుల్, పెద్దదానికి వెళ్తే రెజ్యూమె బాగుంటుంది కదా?" అన్నాడు. బాగుంటుంది అన్నాను. ఒక్కసారి ఆ రెండో కాలేజీకి వెళ్ళి, ఓడిన ఆ రెండేళ్ళూ డైరెక్టర్ ఆ కోచ్‌తో ఏమన్నారో కోచ్‌నే అడిగి రమ్మన్నాను. శనివారం పొద్దున్నే బయల్దేరుతున్నాడు, నాలుగు గంటల డ్రైవ్.