కండ కరగకుండా ఉండాలంటే ఏది మేలు: ఉర్సోలిక్ యాసిడా, యూరోలిథిన్ ఏనా, హెచ్‌ఎంబీనా?

ఈ మూడు సప్లిమెంట్లనీ "నేచురల్" అనే అమ్ముతారు. కానీ ముందు కండ ఎందుకు కరుగుతోందో చూడాలి, వయసు వల్లా, మంచం పట్టడం వల్లా అని, ఎందుకంటే సమాధానం దాన్ని బట్టి మారిపోతుంది.

యాపిల్ తొక్క మీద మైనంలాంటి పొర ఉంటుంది చూడండి, ఉర్సోలిక్ యాసిడ్ ఉండేది అందులోనే. 2011లో అయోవా యూనివర్సిటీ వాళ్లు ఎలుకలకి పెడితే కండ పెరిగింది, కొవ్వు తగ్గింది, కండని విరగ్గొట్టే ఆట్రోజిన్-1, మర్ఫ్-1 జీన్లు కూడా నెమ్మదించాయి. ఎలుకలకి బానే ఉంది! మనుషుల పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకోవు, చిన్న ట్రయల్సేమో ఒకటి ఔనంది ఇంకోటి లేదంది. తొక్కతో యాపిల్ తినండి, కండల కోసమని మాత్రం అనుకోకండి.

యూరోలిథిన్ ఏ కథ వేరు. దానిమ్మలో ఉంటుందంటారు గానీ నిజానికి దానిమ్మలో అది లేదు, దానిమ్మ, వాల్‌నట్స్, బెర్రీల్లో ఉండే ఎల్లజిటానిన్లు అనే పదార్థాల నుంచి మన పేగులో బ్యాక్టీరియా తయారుచేస్తుంది, ఆ బ్యాక్టీరియా అందరికీ ఉండదు కాబట్టి ఒకే జ్యూస్ తాగిన ఇద్దరిలో ఒకరికి తయారై ఇంకొకరికి సున్నా కావచ్చు. అందుకే నేరుగా క్యాప్సూల్ చేశారు. ఇది కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల్లో పాడైపోయినవాటిని ఊడ్చేయిస్తుంది. 2022లో వచ్చిన ట్రయల్‌లో 65 దాటినవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాములు 4 నెలలు ఇచ్చారు, చెయ్యీ కాలూ త్వరగా అలిసిపోకుండా ఓర్పు పెరిగింది కానీ 6 నిమిషాల నడకలో డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లతో పెద్ద తేడా రాలేదు. అంటే అలసట తగ్గొచ్చు, కండ నిలబడుతుందని దీన్నిబట్టి చెప్పలేం.

ఇక హెచ్‌ఎంబీ. ప్రోటీన్‌లో ఉండే లూసిన్ అనే అమైనో యాసిడ్ నుంచి ఒంట్లోనే తయారవుతుంది, అదీ 5 శాతమే, కాబట్టి ట్రయల్స్‌లో వాడే 3 గ్రాములు రావాలంటే 60 గ్రాముల లూసిన్ తినాలి, ఎవరివల్లా కాదు. 2013లో పెద్దవయసు వాళ్లని 10 రోజులు మంచం మీదే ఉంచి చూశారు, అది వేసుకోనివాళ్లకి సుమారు 2 కిలోల లీన్ మాస్ (ఒంట్లో కొవ్వు కాకుండా మిగతా బరువు) పోతే హెచ్‌ఎంబీ వేసుకున్నవాళ్లకి దాదాపు పోలేదు. చూసింది కొద్దిమందినే అనుకోండి, అయినా నాకు నమ్మకం కలిగించింది ఇదొక్కటే.

కాబట్టి ఆపరేషనో ఫ్రాక్చరో అయ్యి కదల్లేకపోతే హెచ్‌ఎంబీ. లేచి తిరుగుతూ త్వరగా అలిసిపోతున్న పెద్దాళ్లైతే, డబ్బుంటే యూరోలిథిన్ ఏ. కానీ కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ అందకుండా, కుర్చీలోంచి లేచి కూర్చునే ఎక్సర్‌సైజైనా చెయ్యకుండా ఏది మింగినా ఇటుకల్లేకుండా మేస్త్రిని పిలిచినట్టే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఆ ప్రోటీన్ లెక్క డాక్టర్‌ని అడిగే పెట్టుకోండి.