లాస్ట్ పిగ్: తప్పు ప్రయత్నానికీ జవాబిచ్చే ఆట

బొమ్మలు ఉండవు, అన్నీ అక్షరాలే. ఇంగ్లీషులో రెండు మూడు మాటలు టైపు చేస్తే ఏం జరిగిందో ఆట చెబుతుంది. ఈ తరహా ఆటలు ఎన్నడూ ఆడనివాళ్లు లాస్ట్ పిగ్‌తో మొదలుపెట్టాలి. అడ్మిరల్ జోటా అనే మారుపేరుతో వచ్చిన ఈ ఆట 2007లో ఇలాంటి అక్షరాల ఆటలకు జరిగిన ఇంటరాక్టివ్ ఫిక్షన్ పోటీలో మొదటి స్థానం గెలిచింది. అక్కడ జడ్జీలు రెండు గంటల ఆటను బట్టే మార్కులు వేస్తారు, అందుకే నిడివి చిన్నది. పైగా ఉచితం.

గ్రంక్ అనే ఓర్క్ (కల్పిత కథల్లోని రాక్షసజాతి వాడు) పొలంలో పనివాడు. తప్పించుకున్న పందిని రాత్రిపూట వెతుకుతూ గోతిలో పడతాడు, చేతిలో కాగడా ఆరిపోతుంది. ఇక పందిని పట్టాలి, బయటపడాలి. వెంటబడితే పంది దొరకదు. గదిగదికీ వెళ్లి ప్రతి వస్తువునూ చూడండి. చూడటానికి 'ఎక్స్' అక్షరం, ఆ పక్కన వస్తువు పేరు చాలు. చేతిలో ఏమున్నాయో 'ఐ' చెబుతుంది. పొరబడితే 'అన్‌డూ'.

దీని గొప్పతనం జవాబుల్లో ఉంది. చాలా ఆటలు తెలియని ఆజ్ఞకు "అర్థం కాలేదు" అని ఊరుకుంటాయి. ఇక్కడ గ్రంక్ ప్యాంటు విప్పమన్నా దానికో జవాబు ఉంది! అలా పిచ్చి ప్రయత్నాలు చేస్తుండగానే ఏ వస్తువు దేనికి పనికొస్తుందో తడుతుంది.

గ్రంక్ భాష వచ్చీరాని ఇంగ్లీషు, పొట్టి వాక్యాలు. తెలుగు మీడియంలో చదివినవాళ్లకూ తేలిగ్గానే అందుతుంది. గోతి కింద ఉండే నోమ్ (కథల్లో భూమి లోపల బతికే మరుగుజ్జు) మాత్రం పొడుగ్గా మాట్లాడతాడు. ఇబ్బంది అక్కడే: 'ఆస్క్ నోమ్ అబౌట్' అని, తర్వాత విషయం పేరు ఇవ్వాలి, ఆ పేరు మనమే ఊహించాలి. ఆగిపోతే కనిపించిన ప్రతి వస్తువు గురించీ అతన్ని అడగండి.

ఫోన్‌లో ఆడేటప్పుడు ఆటోకరెక్ట్ ఆపేయండి. లేకపోతే ఈశాన్యానికి వెళ్లడానికి కొట్టే 'ఎన్ఈ' కాస్తా 'బీ' అయిపోతుంది. బ్రౌజర్‌లో సేవ్ చేసిన ఆట ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది, ఇన్‌కాగ్నిటోలో ఆడితే పోతుంది. బెంగళూరు మెట్రోలో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ వెళ్లేవాళ్లయితే ఆట ఫైలు, దాన్ని నడిపే ఫ్రాట్జ్ లాంటి యాప్ ముందే దించుకోండి. ఎం.జి. రోడ్ దాటి సొరంగంలోకి దిగాక సిగ్నల్ పోయినా ఆట ఆగదు. కాగితం మీద గదుల పటం గీసుకోండి, ఏ దిక్కున ఏ గదో రాస్తే చాలు.