ఫ్రెనెల్ గాజుతో జూమ్ తేలికవుతుందా? ఏది మేలు?

టెలిఫోటో లెన్సు మెడకు తగిలించుకుని ఒక పూట తిరిగినవారికి లెన్సును చిన్నది చేసేందుకు వలయాలు చెక్కిన ఫ్రెనెల్ గాజు పేరు వింటేనే ఆశ పుడుతుంది. ప్రైమ్ లెన్సుల (ఫోకల్ లెంగ్త్, అంటే ఎంత దగ్గరగా చూపుతుందో చెప్పే ఎంఎం కొలత, మారనివి) విషయంలో ఆ ఆశకు ఆధారం ఉంది. నికాన్ పాత 300 ఎంఎం ఎఫ్/4 లెన్సు 1,440 గ్రాములు తూగేది. 2015లో ఫ్రెనెల్ గాజుతో వచ్చిన 300 ఎంఎం ఎఫ్/4 బరువు 755 గ్రాములే. జూమ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తిరగబడుతుంది.

కెనాన్ 2004లో తెచ్చిన 70-300 డీఓ జూమ్‌నే తీసుకోండి (ఫ్రెనెల్ తరహా గాజుకు కెనాన్ పెట్టిన పేరే డీఓ). ముందు అంచున ఆకుపచ్చ గీత ఉంటుంది. పొడవు 99.9 ఎంఎం, బరువు 720 గ్రాములు. మరుసటి ఏడాది అదే సంస్థ మామూలు గాజులతో తెచ్చిన 70-300 ఐఎస్ పొడవు 142.8 ఎంఎం, బరువు 630 గ్రాములు. అంటే ఫ్రెనెల్ ఉన్నదే 90 గ్రాములు ఎక్కువ! ధర చూస్తే దాదాపు రెట్టింపు. అంత డబ్బు పోసి కొన్నది సంచిలో కాస్త చోటు, అంతే.

ఎందుకిలా? మామూలు గాజు నీలి కాంతిని ఎక్కువగా, ఎర్ర కాంతిని తక్కువగా వంచుతుంది. సూక్ష్మమైన మెట్లు వలయాలుగా చెక్కిన ఫ్రెనెల్ గాజు ఎరుపునే ఎక్కువ వంచుతుంది. రెండింటినీ జత చేస్తే బొమ్మ అంచుల్లో కనిపించే రంగు చారలు పరస్పరం రద్దవుతాయి. రంగులను సరిదిద్దడానికి వాడే పెద్ద గాజుల పని తగ్గుతుంది. ప్రైమ్‌లో ఈ సర్దుబాటు ఒకే ఫోకల్ లెంగ్త్‌కు కుదిరితే చాలు. జూమ్‌లో గాజుల గుంపులు ముందుకూ వెనక్కూ కదులుతూ ఉంటాయి, ఎక్కడ ఆగినా బొమ్మ సరిగ్గా రావాలి. అందుకే డీఓ జూమ్‌లోనూ 18 గాజులు పెట్టక తప్పలేదు. పొట్టిగా ముడుచుకోవాలంటే ఒకదానిలో ఒకటి జారే గొట్టాలు కావాలి, వాటి బరువు వేరే.

ఎదురు వెలుగు మరో చిక్కు. తీసే వస్తువు వెనక నీళ్లలో సూర్యుడి మెరుపు ఉండగా తీస్తే డీఓ జూమ్‌లో కాంట్రాస్ట్ పడిపోతుంది, ఫోకస్ తప్పిన మెరుపుల్లో వలయాలు కనిపిస్తాయి. ఇలాంటి గాజు ఉన్న తన లెన్సుల కోసం నికాన్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్లేర్ (ఎదురు వెలుగు వల్ల ఫొటోలో పడే మరకలు) తగ్గించే సదుపాయమే పెట్టింది. లోపం ఉందని తయారీదారే ఒప్పుకున్నట్టు కదా!

ఇప్పుడు కొనేవారి ముందున్న అసలు పోటీ నికాన్ మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించే జడ్ మౌంటు లెన్సుల్లో ఉంది. 2023లోనే వచ్చిన 180-600 జూమ్, ఫ్రెనెల్ గాజున్న 600 ఎఫ్/6.3 ప్రైమ్. రెండింటికీ ఫిల్టర్ 95 ఎంఎం. ట్రైపాడ్ కాలర్‌తో జూమ్ 2,140 గ్రాములు, ప్రైమ్ 1,470. అమెరికాలో విడుదల ధరలు సుమారు 1,700, 4,800 డాలర్లు. 670 గ్రాములు తగ్గించుకోవడానికి 3,100 డాలర్లు!

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల ఫొటోలు తీసేవారికి నా ఓటు జూమ్‌కే. దూరపు చెట్టు మీది గూడు నింపడానికి 600 కావాలి. అదే పక్షి రెక్కలు చాచి నెత్తి మీదుగా వస్తే 600లో రెక్కలు తెగిపోతాయి, 200 దగ్గరికి తిప్పితే పూర్తిగా పడుతుంది. కొండలెక్కి చిన్న పిట్టల కోసం రోజంతా చేత్తో పట్టుకుని తిరిగేవారు మాత్రం, స్తోమత ఉంటే, ప్రైమ్ కొనుక్కోవచ్చు. సెకండ్‌హ్యాండ్‌లో ఆకుపచ్చ గీత జూమ్ చవకగా దొరికినా, ఎండకు ఎదురుగా నాలుగు ఫొటోలు తీసి చూడకుండా డబ్బు ఇవ్వకండి.