ఆర్‌వీలో డెత్ వ్యాలీ వెళ్ళొచ్చాం: దారికి ఐదుకి 5 మార్కులు, బండికి రెండున్నర

మాది గుంటూరు బ్రాడీపేట. మా చిన్నోడికి లాస్ వేగాస్‌లో ఉద్యోగం, మార్చిలో నేనూ మా ఆయనా మా అత్తయ్యగారూ వెళ్ళి నెలన్నర ఉండొచ్చాం. అప్పుడు మావాడు ఒక ఆర్‌వీ అద్దెకి తీసుకుని, పక్కనే కాలిఫోర్నియాలో ఉన్న డెత్ వ్యాలీ అనే ఎడారి లోయ తిప్పుకొచ్చాడు. వచ్చే నెల మా తోడికోడలు వసుధ వాళ్ళు కూడా కూతురి దగ్గరికి వెళ్తున్నారు, అక్కా ఆ బండి ఎలా ఉంది, తీసుకోవచ్చా అని ఒకటే ఫోన్లు, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా. కంపెనీ పేరు రాయను, మావాడికి వాళ్ళతో డబ్బుల గొడవ ఇంకా తెగలేదు.

ఆర్‌వీ అంటే లారీ ఛాసిస్ మీద చిన్న పోర్షన్ కట్టినట్టుంటుంది. మంచం, మూడు పొయ్యిల గ్యాస్ స్టవ్, ఫ్రిజ్, మైక్రోవేవ్, బాత్రూం అన్నీ లోపలే. మాకు కావాల్సింది ఒక్క రోజే కానీ కనీసం మూడు రాత్రులకి కట్టాలన్నారు, సరే అన్నాం. కౌంటర్ దగ్గరికి వెళ్ళాక మొదలైంది అసలు కథ, గిన్నెలు ప్లేట్లు కావాలంటే వేరే, దుప్పట్లు వేరే, మైలుకి ఇంత అని వేరే, జనరేటర్ వేస్తే గంటకి వేరే. పెళ్ళిలో క్యాటరింగ్ వాడు ప్లేటు రేటు చెప్పి, తీరా రోజు దగ్గర పడ్డాక ఐస్‌క్రీమ్ వేరండీ కిళ్ళీ వేరండీ అంటాడు చూడండి, అదే. గిన్నెలు మేం ఇంట్లోవే పట్టుకెళ్ళాం.

పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. పారంప్ అనే ఊరు దాటేవరకు పెద్దగా ఏం లేదు, ఆ తర్వాత డెత్ వ్యాలీ జంక్షన్ దగ్గర 190 రోడ్డు ఎక్కాక ఇంక ఇల్లు లేదు చెట్టు లేదు. మనం మాచర్ల దాటి శ్రీశైలం వెళ్తుంటే అడవి ఎలా కమ్ముకుంటుందో ఇక్కడ ఖాళీ అలా కమ్ముకుంటుంది, అంతకంటే ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఏడాదంతా కలిపి రెండంగుళాల వాన పడుతుందట అక్కడ.

మా అత్తయ్యకి 74 ఏళ్ళు. బండిలో మంచం ఉందంటే పడుకుని పోవచ్చు అనుకుని దిండు కూడా తెచ్చుకుంది. తీరా బండి కదులుతుంటే అందరూ సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే, లేచి తిరగకూడదు. "ఈ మాత్రానికి మంచం ఎందుకమ్మాయ్, ఊరేగించడానికా" అంది. కదులుతున్నప్పుడు చప్పుడు కూడా బాగా ఉంది, అల్మరాల తలుపులు, పొయ్యి మీద పళ్ళాలు గడగడా గడగడా, పైగా గాలి పక్కనుంచి కొడితే ఇంత ఎత్తు బండి కదా, ఊగుతుంది. ఫ్రిజ్ తలుపుకి గొళ్ళెం పెట్టాలని నాకు తెలీదు, ఒక మలుపులో గోంగూర పచ్చడి సీసా వచ్చి కింద పడి పగిలింది. ఇది నా తప్పే, కంపెనీ మీద వెయ్యను. కానీ తిరిగి ఇచ్చేదాకా ఆ బండిలో గోంగూర వాసన పోలేదు.

జబ్రిస్కీ పాయింట్ దగ్గర ఆగాం. పసుపు, గోధుమ రంగు మట్టి గుట్టలు, ముడతలు ముడతలుగా, ఎవరో తడిచీర పిండి పడేసినట్టు. లక్షల ఏళ్ళ కింద అక్కడ సరస్సు ఉండేదట, దాని అడుగు బురదే ఇప్పుడు మనం చూసే గుట్టలు. జబ్రిస్కీ అనేది బోరాక్స్ కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసినాయన పేరు. బోరాక్స్ అంటే మన వెలిగారం, కంసాలి వాడేది. 1883 నుంచి 1889 వరకు 18 కంచరగాడిదలు, రెండు గుర్రాలు కట్టిన బళ్ళ మీద 165 మైళ్ళ అవతల మొహావే రైలు స్టేషన్ దాకా ఇక్కణ్ణుంచే తోలేవారట. ఇది చెప్పగానే మా అత్తయ్య బోలెడు సంతోషపడిపోయింది, వెలిగారం తెలిసిన మొహం ఒకటి దొరికింది ఇక్కడ అన్నట్టు.

ఫర్నేస్ క్రీక్ విజిటర్ సెంటర్ బయట పెద్ద డిజిటల్ థర్మామీటర్ ఉంటుంది, అందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతుంటారు. మేం వెళ్ళినప్పుడు 88 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 31. మా ఆయన "దీనికేనా ఇంత పేరు, రెంటచింతలలో శివరాత్రికే ఇంత ఉంటుంది" అని ఒక నవ్వు. కానీ 1913 జులై 10న ఇదే ఫర్నేస్ క్రీక్‌లో మన లెక్కలో 56.7 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ రికార్డు ఇప్పటికీ అదే, ఆ కొలతని ఒప్పుకోని సైంటిస్టులు ఉన్నా సరే. ఇంకోటి, మన ఎండలో చెమటకి జాకెట్టు తడిసిపోతుంది, అక్కడ చెమట పట్టినట్టే తెలీదు, పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, అందుకే నీళ్ళు తాగడం మర్చిపోతాం. మనిషికి రోజుకి నాలుగు లీటర్లు పెట్టుకోండి. వేసవిలో వెళ్దామనుకునేవాళ్ళు ముందు అగ్రిమెంట్ చదవండి, మాకిచ్చిన దాంట్లో ఎండాకాలం ఈ లోయలోకి బండి తీసుకెళ్ళకూడదని రాసుంది.

అక్కడే బండి పక్కకి ఆపి కుక్కర్లో అన్నం పెట్టా, చారు కాచా. ఈ గంటన్నరకి మాత్రం బండికి ఎన్ని మార్కులైనా వేస్తా. చుట్టూ బోడి కొండలు, మెట్ల దగ్గర కుర్చీలు వేసుకుని వేడి వేడి చారన్నం, అత్తయ్యకి బాత్రూం రెండడుగుల దూరంలో. కార్లో వెళ్ళుంటే బాత్రూం కోసం ఆవిడ పొద్దుట్నుంచీ నీళ్ళు మానేసేది, నాకు తెలుసు. కాకపోతే మైక్రోవేవూ వెనక ఏసీ జనరేటర్ వేస్తేనే పనిచేస్తాయి, ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పలేదు.

తర్వాత బ్యాడ్‌వాటర్. సముద్ర మట్టానికి 282 అడుగులు కింద, ఉత్తర అమెరికా మొత్తంలో అదే లోతైన చోటు. వెనక కొండ మీద ఎక్కడో పైన సముద్ర మట్టం ఇక్కడ అని బోర్డు పెట్టారు, తలెత్తి చూస్తే గుండె ఝల్లుమంది. ఎదురుగా తెల్లటి ఉప్పు, కనుచూపు మేర. మా అత్తయ్య పుట్టిల్లు చినగంజాం దగ్గర, ఉప్పుకొటార్ల మధ్య పెరిగిన మనిషి. కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వంగి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుని "మన ఉప్పే రా, కాస్త చేదుంది" అంది. మడులు ఎవరు కట్టారు అని అడిగింది. ఎవరూ కట్టలేదు నానమ్మా, కొండల మీంచి వచ్చిన నీళ్ళకి బయటికి పోయే దారి లేదు, ఇక్కడే ఎండిపోయి ఉప్పు మిగులుతుంది అన్నాడు మావాడు. చాలాసేపు చూసి "ఎత్తేవాళ్ళు లేని పంట" అంది. తీసుకురాకూడదు లెండి, నేషనల్ పార్క్ అది.

ఇప్పుడు గొడవ సంగతి. రంగురంగుల కొండల మధ్యలోంచి వెళ్ళే ఆర్టిస్ట్స్ డ్రైవ్ అని తొమ్మిది మైళ్ళ వన్‌వే ఉంది, మేం వెళ్ళిందే సగం దానికోసం. 25 అడుగులు దాటిన బండిని అందులోకి రానివ్వరు. పైనుంచి లోయ మొత్తం కనపడే డాంటేస్ వ్యూకీ అదే రూల్. మాకు బుకింగ్‌లో 25 అడుగులు అనే చెప్పారు. తీరా మావాడు బండిలో ఉన్న కాగితాలు తీసి చూస్తే 26కి దగ్గర. అటు తిరిగే మలుపు దగ్గర ఆపుకుని, వచ్చే కార్లని చూస్తూ పది నిమిషాలు కూర్చుని వెనక్కొచ్చేశాం. ప్రయాణం మొత్తంలో నాకు ఏడుపొచ్చింది అక్కడే.

తిరిగొచ్చేటప్పుడు అంతా ఎక్కుడు, ఇంజిన్ వేడెక్కకుండా కాసేపు ఏసీ ఆపుకుని వచ్చాం. పెట్రోలు సంగతి చెప్పాలంటే లీటరుకి నాలుగు కిలోమీటర్లు కూడా రాలేదు, 450 కిలోమీటర్లు తిరిగాం, మీరే లెక్కేసుకోండి. పార్క్ లోపల బంకుల్లో రేటు ఇంకా ఎక్కువ, పారంప్‌లోనే ఫుల్ చేయించుకోండి. బాత్రూం ట్యాంక్ మనమే ఖాళీ చేసి ఇవ్వాలి, ఫర్నేస్ క్రీక్‌లో దానికి చోటుంది. ఇంట్లో సింకు జామైతే పక్క వీధి దాకా వెళ్ళిపోయే మా ఆయన అక్కడ గ్లవ్స్ వేసుకుని పైపు పట్టుకున్నాడు, ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా.

వసుధా, నువ్వైతే 19 అడుగుల బండి అడుగు, నలుగురికి ఇరుకే గానీ ఒక్క రోజుకి పర్లేదు, కాగితాల్లో పొడవు చూసుకున్నాకే సంతకం పెట్టండి. మీతో పెద్దవాళ్ళు లేకపోతే మామూలు కారు చాలు. మా డిపాజిట్‌లో క్లీనింగ్ అని 75 డాలర్లు కోశారు, అది గోంగూరకి, ఒప్పుకుంటా. పొడవు తప్పు చెప్పినందుకు ఏమిస్తారో చెప్పమని మావాడు మూడు మెయిళ్ళు పెట్టాడు, ఒక్కదానికీ జవాబు లేదు.